పళ్ళతో విన్న మామ

మా మెకానిక్ మామ పోయాడని నాయన ఫోన్ చేసినప్పుడు నేను అనంతపురంలో, హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉప్మా తింటున్నాను.

"పొద్దున్నే షెడ్డు తీసేకి పోయినాడంట. తాళం తీసి ఆ బండ మీదనే కూసున్యాడంట. టీ ఇచ్చేకి పోయి మీ అత్త చూసేసరికి ఇంగ లేడు," అన్నాడు నాయన. ఫోన్లో ఆయన వెనక మా గొర్రెల అరుపులు వినిపించాయి.

పోయిన మనిషి ముఖం కదా ముందు గుర్తుకు రావాలి. నాకు ముందు గుర్తొచ్చింది రెండేళ్ళ కిందట నేను తీసిన ఒక వీడియో. ఇరవై సెకన్లు కూడా ఉండదు. దాని వల్ల ఆయన తన పనితనం పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తప్పు చేశాను మామా అని మాత్రం నేను ఎప్పుడూ అనలేదు. ఆయన గురించి మనసారా నాలుగు మంచి మాటలు చెప్పగలిగినవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమందికి రాయడం రాదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. నాకు రాయడం వచ్చు. అందుకే, అర్హత లేకపోయినా నేనే రాస్తున్నాను.

మామ అంటే మేనమామ కాదు. నాయన ఆయన్ను బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. ముదిగుబ్బ నుంచి ధర్మవరం పోయే రోడ్డు మీద మా ఊరి స్టాపు దగ్గర ఆయన షెడ్డు. నాలుగు రాతి కూసాలు నిలబెట్టి, వాటి మీద రేకులు, ముందు కూర్చోడానికి ఒక బండ. బోర్డు లేదు. కూసానికి ఒక పాత టైరు వేలాడుతుండేది, అదే బోర్డు. కొత్త బండ్లు ఆ షెడ్డుకు వచ్చేవి కావు. పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు తిరిగిన బండ్లు, మేత మోపులు మోసినవి, పాల క్యాన్లు మోసినవి, ముగ్గురేసి మనుషుల్ని మోసినవి వచ్చేవి. "మన దుమ్ముకు ఇంజన్లు మనకన్నా ముందే ముసలివైతాయి," అనేవాడు.

నాయన దగ్గర ఉన్నది అలాంటి బండే. ఇంటర్లో చేరినప్పుడు బస్సు అందక నేను దాన్ని నేర్చుకున్నాను. నేర్చుకున్న వారానికే రోడ్డు దాటుతున్న గొర్రెల మంద ముందు ఆపాల్సి వచ్చింది. క్లచ్ గట్టిగా పట్టుకునే ఉన్నాను. బండి మాత్రం నెమ్మదిగా ముందుకు పాకి, పోయి పోయి ఒక పొట్టేలును తాకింది. కాపరి తాత కట్టె ఎత్తి, "ఏమ్మే, పొట్టేలును కొంటావా, గుద్దుతావా?" అని అరిచాడు. ఏడుపు ఆపుకుంటూ బండిని షెడ్డు దాకా తోసుకుంటూ పోయాను.

"మామా, క్లచ్ పట్టుకున్నా బండి ముందుకే పోతాండాది. క్లచ్ పట్టడం ల్యాదు."

"పట్టడం ల్యాదా, ఇడ్సడం ల్యాదా? సరిగ్గా చెప్పు."

"రెండూ ఒకటే కదా మామా."

"ఒకటే అయితే నీకి సదువెందుకు, నాకి షెడ్డెందుకు?"

బండను చూపించి కూర్చోమన్నాడు. రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి నా ముందు పెట్టాడు. "లోపల ప్లేట్లు ఇట్ల ఉంటాయి. నువ్వు చేత్తో పడితే అవి ఇడ్సల్ల. నువ్వు చెయ్యి ఇడిస్తే అవి పట్టుకోల్ల. ఇడ్సినాక పట్టకపోతే జారతాండాదని. పట్టినాక ఇడ్సకపోతే ఈడ్సుకపోతాండాదని. నీ బండి ఈడ్సుకపోతాండాది. నువ్వు నిలబడల్ల అనుకుంటావు, అది నిలబడనీదు."

ఆ రోజు పని చిన్నదే. కేబుల్ మరీ వదులుగా ఉంది, లోపల నూనె పాతబడి చిక్కబడింది. రెండూ సరిచేసి, పోయేటప్పుడు ఒక మాట చెప్పాడు. "పొద్దున్నే ప్లేట్లు ఒకదానికొకటి అంటుకోని పండుకోనుంటాయి. స్టార్ట్ చేసేముందు క్లచ్ పట్టుకోని రెండు మూడు కిక్కులు ఊరికే కొట్టు. వాటిని లేపి, తర్వాత పని చెప్పు." ఇప్పటికీ పొద్దున బండి తీస్తే నా కాలు ఆ రెండు మూడు కిక్కులు కొడుతుంది.

అప్పటి నుంచి సెలవు దొరికితే షెడ్డు దగ్గరే ఉండేదాన్ని. ఆడపిల్లకు ఈ గ్రీజు పని ఏమిటని అమ్మ అరిచేది. మామ పాన ముట్టే ముందు ఒక నిమిషం కళ్ళు మూసుకుని ఇంజన్ వినేవాడు. పక్కన ఎవరైనా మాట్లాడితే, "నోరు మూసుకోండప్పా, అది మాట్లాడతాండాది," అనేవాడు. ఆయన చెప్పిన చప్పుళ్ళన్నీ నేను ఫిజిక్స్ నోట్సు వెనక రాసుకున్నాను. ఇంజన్ పైభాగంలో ఉండే టాపెట్లు వదులైతే గాజుల చెయ్యి గిన్నె తోమినట్టు. టైమింగ్ చైన్ సాగితే చాటలో చెనక్కాయలు చెరిగినట్టు. కనెక్టింగ్ రాడ్డు పోతే ఎవరో తలుపు తట్టినట్టు. "ఆ సప్పుడు ఇంటే బండి ఆడనే ఆపి ఇంటికి నడ్సిపో," అన్నాడు. క్లచ్ వైపు చప్పుడైతే డబ్బాలో రాళ్ళు ఆడించినట్టు ఉంటుంది, దాన్ని పట్టుకోవడం అన్నిటికన్నా సులువు. క్లచ్ పడితే ఆగిపోతుంది, విడిస్తే మళ్ళీ వస్తుంది. మిగతా చప్పుళ్ళు క్లచ్ పట్టినా అంతే, విడిచినా అంతే.

నేను రాసుకోవడం చూసి, "కాగితం ఏం ఇంటుంది? చెవిలో రాసుకో," అని నవ్వేవాడు.

ఆయన చెవుల సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పుడు చెనక్కాయలు ఒలిచే మిషన్ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేశాడట. "ఎడమ చెవిని మిషన్ తినింది," అని ఎప్పుడో ఒకసారి తమాషాగా అన్నాడు. నేనూ తమాషాగానే విన్నాను. ఆయన దగ్గర మూరెడు పొడవు స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేది, చెక్క పిడిది. దాని మొన ఇంజన్ కేసింగుకు ఆనించి, పిడిని కుడి చెవికి పెట్టుకుని వినేవాడు. నేను డిగ్రీకి అనంతపురం పోయి, మొదటి సెలవులకు తిరిగి వచ్చేసరికి పిడి చెవి దగ్గర లేదు. పళ్ళ మధ్య ఉంది. చెక్క మీద పంటి గాట్లు కూడా పడ్డాయి.

"ఇదేంది మామా, ఎలకలు కొరికినాయా?"

"ఆకలైతే నేనే కొరికినాలే," అన్నాడు.

కుడి చెవి కూడా పోతోందని, చెవిలోకి రాని చప్పుడు పంటి ఎముక గుండా తలలోకి పోతుందని, ఆయన తనకు తానే కనిపెట్టుకున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. ఫిజిక్స్ నోట్సు నా చేతిలోనే ఉంది. ఆ సంగతి తెలిసింది అత్త ఒక్కదానికే. చెవులు వినపడని మెకానిక్ దగ్గర బండి ఎవరు వదిలిపెడతారని ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ కిందట ఎండాకాలం సెలవుల్లో మా బండికి మళ్ళీ అదే జబ్బు వచ్చింది. క్లచ్ పట్టినా ఈడ్చుకుపోతోంది, న్యూట్రల్ పడడం లేదు, పైగా లోపల ఏదో గలగలమంటోంది. షెడ్డు దగ్గర స్టాండు వేసి స్టార్ట్ చేశాం. నేను బండికి ఎడమ పక్క నిలబడి క్లచ్ పట్టుకోవాలి, ఆయన చెప్పినప్పుడు విడవాలి. ఆయన కుడి పక్క కూర్చుని, స్క్రూడ్రైవర్ మొన క్లచ్ మూతకు ఆనించి, పిడిని పళ్ళ మధ్య బిగించి కళ్ళు మూసుకున్నాడు. నాకు అప్పుడే కొత్త ఫోన్ కొనిచ్చారు. ఎడమ చేత్తో క్లచ్ పట్టుకుని కుడి చేత్తో వీడియో తీయడం మొదలుపెట్టాను.

ఆయన నోట్లో పిడి పెట్టుకునే ఏదో అన్నాడు. "ఇడుసు" అనబోతే పళ్ళ మధ్య కట్టె అడ్డమై "ఇడుహు" అని వచ్చింది. నాకు నవ్వు ఆగలేదు. "ఇడుహు," అని మళ్ళీ అన్నాడు, ఈసారి కొంచెం గట్టిగా. నేను ఇంకా నవ్వాను. పక్కన టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్ళు ఏమైందని లేచి వచ్చారు. అంతమందిని చూసి ఆయన పిడి నోట్లోంచి తీసి మూతి తుడుచుకున్నాడు. "సరే పాపా, రేపు చూద్దాంలే," అన్నాడు.

సాయంత్రం ఆ వీడియోను నేను వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను. కింద "మా ఊరి ఇంజన్ డాక్టర్" అని రాశాను. ప్రేమతోనే రాశాను. ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పినా నాకే సాకులా వినిపిస్తుంది.

మరుసటి రోజు పొద్దున నేను పోయేసరికి మామ బండ మీద కూర్చుని ఉన్నాడు. "ఏందో నన్ను పోన్లో పెట్టినావంట. చూపీ పాపా."

చూపించాను. మొత్తం చూశాడు. తర్వాత ఫోన్ను కుడి చెవికి ఆనించుకుని మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. తల ఊపుతూ విన్నాడు. "సప్పుడు బాగ పడిండాది. బాగ యినపడతాండాది," అన్నాడు.

హాస్టల్ అలవాటు కొద్దీ నా ఫోన్ ఎప్పుడూ మ్యూట్‌లోనే ఉంటుంది. ఆ రోజూ మ్యూట్‌లోనే ఉంది. ఆయన చెవి దగ్గర ఏ చప్పుడూ లేదు.

ఎడమ చెవిని మిషన్ తిన్నదన్న మాట, పిడి మీది పంటి గాట్లు, అన్నీ ఒక్కసారి ఒక దగ్గరికి వచ్చాయి. ఏమైనా అనాల్సింది అప్పుడే.

"అందరూ నగుతాండారంట కదా?"

"ఊరికే మామా."

"నగనీలే," అని స్క్రూడ్రైవర్ను తుడిచి, పానల పెట్టె అడుగున పెట్టి మూత వేశాడు. నేను అక్కడే నిలబడి వీడియో చెరిపేశాను. నా ఫోన్లో చెరిపేస్తే, అప్పటికే దాచుకున్న ఊరివాళ్ళ ఫోన్లలో పోదు కదా.

ఆ ఏడాదంతా మామను ఊళ్ళో "ఇడుహు" అనే పిలిచారు. రోడ్డు మీద బండి ఆపకుండానే "ఏం మామా, ఇడుహూ!" అని కేకేసి పోయేవాళ్ళు. బండి తెచ్చినవాళ్ళు కూడా, "నోటితో చూస్తావా, చేత్తో చూస్తావా?" అని అడిగేవాళ్ళు. ఆయన అరచెయ్యి ఇంజన్ మీద పెట్టేవాడు. పాత ఇంజన్ మీద చెయ్యి పెడితే అంతా అదురుతూనే ఉంటుంది. ఏది టాపెట్టో ఏది చైనో చేతికి ఏం తెలుస్తుంది? పళ్ళు ఆయనకు మిగిలిన ఆఖరి చెవి. నేను దాన్ని నవ్వులపాలు చేశాను.

మా బండిని కూడా అరచేత్తోనే చూశాడు. నేను క్లచ్ పట్టుకుని నిలబడ్డాను. పట్టినప్పుడు గలగల ఆగింది. విడిచినప్పుడు మళ్ళీ వచ్చింది. మూడుసార్లు అంతే. ఆయన నేర్పిన పాఠమే అది, చప్పుడు క్లచ్ వైపుదని ఇంజన్ నా చెవిలో చెబుతోంది. మామ మాత్రం చెయ్యి తీసి, "టాపెట్లు పాపా. కేబుల్ కూడా కొంచెం బిగించల్ల," అన్నాడు.

నేను నోరు తెరవలేదు. టీ బంకువాళ్ళు చూస్తుండగా ఆయన మాట కాదనకూడదు, అదే మర్యాద అనుకున్నాను. దగ్గరికి పోయి, మామా, క్లచ్ పడితే ఆగుతోంది అని మెల్లగా చెప్పి ఉంటే సరిపోయేది. లేదా పెట్టె మూత తీసి ఆ స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, ఎవరు నవ్వుతారో నేను చూస్తాను, నువ్వు విను అని ఉండొచ్చు. నవ్వాల్సిన పని లేని చోట నవ్వాను, మాట్లాడాల్సిన చోట ఊరుకున్నాను.

టాపెట్లు బిగించినా చప్పుడు పోలేదు. పది రోజులు చూసి నాయన బండిని కదిరికి తీసుకుపోదామన్నాడు. వెనక నేను కూర్చున్నాను. కదిరి రోడ్డు ఎక్కాలంటే మామ షెడ్డు ముందు నుంచే పోవాలి. మా బండి మలుపులో ఉండగానే చప్పుడు గుర్తుపట్టి "రా బావా" అని చెయ్యెత్తే మనిషి, ఆ రోజు తల వంచుకుని ట్యూబుకు పంక్చర్ వేస్తూ ఉన్నాడు. తల ఎత్తలేదు. వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత తర్వాత షెడ్డుకు పంక్చర్లు, నూనె మార్చడం తప్ప వేరే పని వచ్చేది కాదు.

ఆయన్ను ఆఖరిసారి చూసింది రెండు నెలల కిందట. ఈసారి ఎలాగైనా చెప్పాలని బస్సులో మాటలు కూడబలుక్కుంటూ పోయాను. షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా నెమ్మదిగా మాట్లాడాను. ఆయనకు అది అర్థమైంది. నేను అలా మాట్లాడుతున్నానంటే చెవుల సంగతి నాకు తెలుసని కూడా అర్థమై ఉంటుంది.

"బండి బాగుండాదా?"

"బాగుంది మామా."

"ఏమంట దానికి? కదిరాయన ఏమన్యాడు?"

ఆ మాట దాదాపు రెండేళ్ళ తర్వాత అడిగాడు. "క్లచ్ హౌసింగ్ అరిగిందంట మామా. గాట్లు పడి ప్లేట్లు ఆడ చిక్కుకుంటాండాయంట. ఈడ్సుకపోయేది, గలగలమనేది, రెండూ దానివల్లనే."

కాసేపు చేతిలో పానను తిప్పుతూ ఉన్నాడు. "పంటికైతే దొరికేది," అని నవ్వాడు.

నవ్వులో కోపం లేదు. కోపం ఉంటే నేను చెప్పేదాన్నేమో. ఆ నవ్వుకు నవ్వు కలిపి, టీ తాగి, బస్సు ఎక్కాను.

దినాలకు ఊరికి పోయినప్పుడు అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మామ ఫోటో ఏదీ దొరక్క ఆధార్ కార్డులో బొమ్మనే పెద్దది చేయించి పెట్టారు. దాని ముందు టెంకాయ, పూలు, ఒక పక్కన ఆ స్క్రూడ్రైవర్ ఉన్నాయి. నన్ను చూసి పక్కన కూర్చోమంది.

"పాపా, నువ్వు తీసిన ఆ వీడియో ఉండాదా?"

నేను చేతిలోని ఫోన్‌ను ఒళ్ళో బోర్లించాను.

"ఫోటోలో ఆయప్ప మాట్లాడడు గదా. ఒక్కసారి ఇనల్లని ఉండాది."

సిగ్గుపడి నేను చెరిపేసిన వీడియోలో తప్ప ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఉంటే ఆయన్ను చూసి నవ్వినవాళ్ళ దగ్గరే ఉండాలి. లేచి టీ బంకు అన్న దగ్గరికి పోయాను.

"అన్నా, ఆ వీడియో ఉందా?"

"యా వీడియో?"

"నీకు తెలుసు కదన్నా."

ఆయన గ్లాసులు కడగడం ఆపాడు. నా వైపు చూడలేదు. "నేనేం కావాలని నగలేదు పాపా."

"నేనూ కావాలని తీయలేదన్నా."

తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, ఫోన్లో చాలాసేపు వెతికి పంపించాడు. "నాకాడ ఉండాదని మీ అత్తకు చెప్పొద్దు," అన్నాడు.

అత్త ఒళ్ళో ఫోన్ పెట్టి, ఈసారి శబ్దం పూర్తిగా పెంచాను. ఇంజన్ నడుస్తోంది. బండి హ్యాండిల్, దాని వెనక మామ ముఖం, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా నవ్వు.

"నగేది ఎవరు?"

"నేనే అత్తా."

"బాగ నగినావు," అంది. తిట్టిందో మెచ్చుకుందో ఆ గొంతులో ఏమీ తెలియలేదు. "ఊరంతా ఇడుహు ఇడుహు అన్యారు. ఆయప్ప అన్నది ఏమో ఒక్కరూ నాకి చెప్పలేదు."

"ఇడుసు అన్నాడత్తా. నా చెయ్యి క్లచ్ మీద ఉండాది. దాన్ని ఇడిస్తే సప్పుడు మళ్ళీ వస్తుంది. అప్పుడు ఆయనకు తెలిసిపోతుంది, జబ్బు యాడుండాదో. అందుకే ఇడుసు అంటాండాడు నాతో."

"మరి ఇడిస్తివా?"

నాకు గుర్తులేదు. నిజంగా గుర్తులేదు. అత్త మళ్ళీ పెట్టమంది. పెట్టాను. ఈసారి నేను మామను చూడలేదు, తెర మూల ఉన్న నా చేతిని చూశాను. మామ ఒకసారి అన్నాడు. నేను నవ్వాను. మామ రెండోసారి అన్నాడు. పిడిని పళ్ళ మధ్య ఇంకొంచెం బిగించి, కళ్ళు తెరవకుండా, రాబోయే చప్పుడు కోసం కనుబొమలు ముడిచి ఎదురుచూస్తున్నాడు. వీడియో అక్కడ అయిపోతుంది. నా వేళ్ళు నాలుగూ క్లచ్‌ను పట్టుకునే ఉన్నాయి.